ముందు రోజు చెప్పండి, మర్నాడు పేర్లు రాయండి: పాలమూరు, నల్లగొండ జిల్లాల పత్రికలకు బహిరంగ లేఖ

ఉమ్మడి పాలమూరు, ఉమ్మడి నల్లగొండ జిల్లాల పత్రికల సంపాదకులకు, డెస్కుల్లో పనిచేసే సబ్ ఎడిటర్లకు, లోకల్ చానళ్లు నడిపేవాళ్లకు, మండల విలేకరి తమ్ముళ్లకు, చెల్లెళ్లకు శనార్తులు. పొగడ్తలు మొదలుపెడితే మీకూ నాకూ టైం దండగ కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను.

ఊళ్లో మా కళాకారుల ప్రదర్శన ఉంటే ముందు రోజు పేపర్లో చెప్పండి, అయ్యాక ఆడినవాళ్ల పేర్లు రాయండి అని పోయిన ఉగాదికి ముందే కాగితం మీద రాశాం. కింద చిందు, బుర్రకథ, ఒగ్గుకథ, కోలాటం, భజన బృందాల వాళ్లు సంతకాలు పెట్టారు, సంతకం రానివాళ్లు వేలిముద్రలు వేశారు. తీసుకొచ్చి జిల్లా కేంద్రంలో మీ ఆఫీసుల్లో చేతికిచ్చాం. కూర్చోబెట్టి చాయ్ తాగించారు, "చూద్దాం సార్, పైకి పంపిస్తాం" అన్నారు. బోనాలు పోయాయి, దసరా పోయింది, కురుమూర్తి జాతర పోయింది, డిసెంబరులో మూడు విడతల సర్పంచ్ ఎన్నికలు కూడా అయిపోయి కొత్తవాళ్లు కుర్చీల్లో కూర్చున్నారు. మా కాగితం ఎంత పైకి పోయిందో ఇప్పటికీ తెలియదు. అందుకే ఈసారి అందరూ చదివేటట్టు రాస్తున్నాం.

నేను వేషం కట్టేవాణ్ని కాదు. రిటైరైన తెలుగు పండిట్‌ని. మా మండలంలో ఏ మేళానికి ఏ కార్యక్రమం ఉన్నా ప్రెస్ నోట్ రాసి విలేకర్లకు పంపే పని నా మీద పడింది. చేతిరాత బాగుంటుందని ఎప్పుడో అప్పజెప్పారు, ఇప్పుడంతా వాట్సాపే అయినా ఆ పని నన్ను వదలలేదు. కాబట్టి మేం ఏం రాసి పంపుతున్నామో, మర్నాడు ఏం అచ్చవుతున్నదో రెండూ పక్కపక్కన పెట్టి చూసే అవకాశం నాకుంది. ఈ ఉత్తరంలో రాసేది ఆ రెండింటి నడుమ కనిపించిన తేడా గురించే.

మా గొడవ రెండే ముక్కలు. ఊళ్లో ఆట ఉందంటే ముందు రోజు పేపర్లో రాదు. ఆట అయిపోయాక వార్త వస్తే, అందులో ఆడినోళ్ల పేర్లుండవు.

ఒక్క ఉదాహరణ చెప్తాను. మొన్న కార్తీకంలో మా పక్క ఊరి గుడి దగ్గర చిందు యక్షగానం పెట్టించారు. మద్దెల, హార్మోనియం, తాళాలు, వేషగాళ్లు అంతా కలిసి పన్నెండు మంది. సాయంత్రం నాలుగింటికి మొహాలకు రంగు మొదలుపెడితే ఆట ముగిసేసరికి కోడి కూసింది. రాణి వేషం కట్టినామెకు అరవై దాటాయి, రెండు మోకాళ్లకు గుడ్డ చుట్టుకొని దాని మీద గజ్జెలు కట్టింది, తెల్లవార్లూ ఒక్క పద్యం తప్పలేదు. నేను రెండు రోజుల ముందే నోట్ పంపాను, అది రాలేదు. ఆట మర్నాడు పన్నెండు మంది పేర్లూ, ఎవరు ఏ వేషమో, ఎవరిది ఏ ఊరో రాసి మళ్లీ పంపాను. సింగిల్ కాలమ్ వార్త వచ్చింది. ఫలానా నాయకుడు జ్యోతి వెలిగించారట, కళలను కాపాడుకోవాలని పిలుపునిచ్చారట, శాలువాలు కప్పారట. ఆ తర్వాత వరసగా పదకొండు పేర్లు: మాజీ ఎంపీటీసీ, ఆలయ కమిటీ అధ్యక్షుడు, యూత్ నాయకులు, ఇంకా జ్యోతి వెలిగించి పావుగంటలో కార్లెక్కి పోయిన పెద్దమనుషులు. చివర "కళాకారులు తదితరులు పాల్గొన్నారు" అని ఉంది. ఫొటో స్టేజీ మీది శాలువాలది. దాని కుడి అంచున సగం కిరీటం కనిపిస్తుంది, అది రాజు వేషం కట్టినాయనది. మొహం కత్తిరింపులో పోయింది.

విలేకరి తమ్ముణ్ని తప్పుపట్టడం లేదు. ఆ పిల్లగాడు పన్నెండు పేర్లూ పంపాననే చెప్పాడు, డెస్కులో జాగా లేక తీసేశారన్నాడు. ఉండొచ్చు. జిల్లా టాబ్లాయిడ్లు కరోనా తర్వాత ఎట్లా చిక్కిపోయాయో మేమూ చూస్తూనే ఉన్నాం. మండల విలేకర్లలో చాలామందికి సరైన జీతం లేదు, మీదనుంచి పంద్రాగస్టుకు ఇన్ని యాడ్లు, దసరాకు ఇన్ని యాడ్లు అని టార్గెట్ ఉంటుంది. యాడ్ ఇచ్చినాయన పేరు వార్తలో ముందుకెందుకు వస్తుందో అర్థం చేసుకోలేనంత అమాయకులం కాదు. కానీ జాగా లేనప్పుడు పోయేది ఎప్పుడూ ఆ పన్నెండు పేర్లే, ఈ పదకొండు కాదు. మా అభ్యంతరం అక్కడ.

వార్తలు తగ్గించి మా ఆటలు వేయమనీ అడగడం లేదు. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్‌ఎల్‌బీసీ) సొరంగం కూలి 8 మంది లోపల చిక్కుకున్నప్పుడు రోజుల తరబడి పేజీలన్నీ దానికే ఇచ్చారు, అట్లా ఇవ్వడమే న్యాయం. వానకాలంలో యూరియా కోసం రైతులు చెప్పులు లైన్లో పెట్టి నిలబడ్డప్పుడు కూడా అంతే. ఆ వార్తల్లో సెంటీమీటర్ తగ్గించమని ఎవరం అనం. మేం చెప్పేది మీరు ఎట్లాగూ మాకు ఇస్తున్న ఆ నాలుగు వాక్యాల గురించి. జాగా అదే, పేర్లు మార్చండి.

పేరు రాకపోతే ఏం కొంప మునుగుతుందని అనుకునేవాళ్లుంటారు. ఏమవుతుందో వరసగా చెప్తాను.

1. పేపర్ కటింగ్ కళాకారుడికి ఆస్తి కాగితం. గుర్తింపు కార్డుకో, వృద్ధ కళాకారుల పింఛనుకో దరఖాస్తు పెడితే, ఇన్నేళ్లుగా ఎక్కడెక్కడ ప్రదర్శనలిచ్చావో ఆధారాలు చూపమంటారు. ఫొటోలు, సర్టిఫికెట్లు, పేపర్ కటింగులు. ఈ పింఛను 2021లో నెలకు 3,016 రూపాయలు చేశారు, చిన్న మొత్తంలాగే ఉంటుంది గానీ పొలం లేనాయనకు మందుల ఖర్చు దాంట్లోనే వెళ్లాలి. మా మండలంలో ఒక బుర్రకథ తాతను నేనే దగ్గరుండి ఒక ఆఫీసుకు తీసుకెళ్లాను. చీరల షాపు క్యారీ బ్యాగులో కటింగులన్నీ దాచుకున్నాడు, కొన్నింటికి చెమ్మ తగిలి అక్షరాలు అవతలి పేజీకి అంటుకున్నాయి, రెండింటికి మాత్రం లామినేషన్ చేయించాడు. గుమాస్తా మంచోడే, అన్నీ ఓపికగా విప్పి చూశాడు. లామినేషన్ చేయించిన వాటిలో ఒక దాంట్లో అప్పటి ఎమ్మెల్యే ఫొటో, రెండో దాంట్లో జెండా వందనం. "తాతా, ఇందులో నీ పేరేది?" అని అడిగాడు. తాత ఫొటో మీద వేలు పెట్టి, "ఇగో, సారు ఎనక తంబుర కనబడతలేదా, అది నాదే" అన్నాడు. తంబురకు పింఛను రాదు కదా. ఆ దరఖాస్తు "ఆధారాలు చాలవు" అని వెనక్కి వచ్చింది. తప్పు ఆ గుమాస్తాదా? ఆయన ముందున్న కాగితంలో పేరు లేదు, అంతే.

2. ముందు తెలియకపోతే జనం రారు. ఇది చెప్పడానికి పండిట్ కావాల్సిన పని లేదు. పక్క మండలంలో పౌరాణిక నాటకం ఉందని తెలిస్తే గద్వాల, అలంపూర్ వైపు ఇప్పటికీ ట్రాక్టర్లలో పోయి చూసేవాళ్లున్నారు. హార్మోనియం పట్టేది ఫలానా ఆయన అంటే ఆ రాగం కోసమే వచ్చేవాళ్లున్నారు. కానీ వాళ్లకు తెలిసేదెట్లా? ఫ్లెక్సీ కట్టాలంటే డబ్బు, ఆటోకు మైకు కట్టి తిప్పాలంటే ఇంకా డబ్బు. మేళానికి ఇచ్చేదాంట్లో సగం చాటింపుకే పోతే వేషగాడికి మిగిలేదేంటి? మీ పేజీలో రెండు లైన్లు పడితే ఆ ఖర్చు తప్పుతుంది. జనం పలచగా వచ్చిన ఆటకు మరుసటి ఏడు కమిటీవాళ్లు "ఎవరు చూస్తున్నారు సార్, డీజే పెడదాం" అంటారు. అట్లా మానేసిన ఊళ్లు మా చుట్టుపక్కలే ఉన్నాయి.

3. పేరు పడితే పిలుపు వస్తుంది. పేపర్లో మేళం పేరు, ఊరు చూసి ఎక్కడో దేవరకొండ నుంచో మక్తల్ నుంచో ఎవరో వాకబు చేసుకొని ఫోన్ చేస్తారు. పేరు లేకపోతే ఆ పని పట్నంలోని ఈవెంట్ మేనేజర్‌కు పోతుంది. ఆయన ఒప్పుకున్న డబ్బు ఒకటి, మళ్లీ మా వాళ్లనే పిలిచి చేతిలో పెట్టేది ఇంకొకటి. పాలమూరు నుంచి ముంబై, పుణె కూలికి పోయే బస్సుల్లో మద్దెల వాయించే చేతులు కూడా ఉంటాయి. దసరాకు ఇంటికొచ్చి రెండాటలు ఆడి మళ్లీ తాపీ పనికి పోతారు.

4. ఇంట్లో పిల్లలు. నాన్న పేరు పేపర్లో వస్తే బడికి తీసుకెళ్లి చూపిస్తారు, రాకపోతే నాన్న ఏం చేస్తాడో చెప్పుకోవడానికే సిగ్గుపడతారు. నేను క్లాసులో చూసిన సంగతే ఇది, ఇంకేం రాయను.

5. ఇక అన్నింటికంటే నన్ను బాధపెట్టేది లెక్క లేకుండా పోవడం. ఏ ఊళ్లో ఏ మేళం ఉండేది, ఎవరు ఏ వేషం కట్టేవారు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు అన్నదానికి పత్రిక తప్ప వేరే దస్తావేజు లేదు. పెద్దగట్టు జాతరే తీసుకోండి. సూర్యాపేట దగ్గర దురాజ్‌పల్లిలో రెండేళ్లకొకసారి జరుగుతుంది, మేడారం తర్వాత అంత పెద్ద జాతర ఇదే అంటాం, 2025 ఫిబ్రవరిలో అయింది. ట్రాఫిక్ మళ్లింపు రాశారు, ఆర్టీసీ బస్సుల సంఖ్య రాశారు, హుండీ లెక్క చివరి రూపాయి దాకా అచ్చయింది. "ఓ లింగా" అని ఊగుతూ భేరీలు కొట్టిన గొల్ల బృందాలు ఏ ఊళ్లవి? కురుమూర్తిలో ఉద్దాల, అంటే స్వామి పాదుకల, ఊరేగింపు రోజు పేజీలు నిండుతాయి. వడ్డెమాన్‌లో నియమంతో ఆ ఉద్దాలు తయారు చేసిన చేతుల పేర్లు మీరు ఎన్నిసార్లు చదివారో ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. మే నెలలో మిస్ వరల్డ్ అమ్మాయిలు పిల్లలమర్రి, పోచంపల్లి, నాగార్జునసాగర్ బుద్ధవనం చూసి పోయారు, ఏ దేశం అమ్మాయి ఏ రంగు చీర కట్టిందో కూడా చదివాం. స్వాగతం పలికిన కళా బృందాలు ఎవరివో, ఏ ఊళ్ల నుంచి ఎండలో వచ్చారో మేం తీసుకున్న పేపర్లలో వెతికితే దొరకలేదు.

దీనికి మీరు చెప్పే జవాబు ఒకటి నాకు ముందే తెలుసు. "మేం రాయడం లేదా? పద్మశ్రీ వచ్చినప్పుడు ఫుల్ పేజీ ఇచ్చాం కదా" అంటారు. ఇచ్చారు. లింగాల మండలం అవుసలికుంట వాసి, 12 మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది, దామరగిద్ద బుర్రవీణ కళాకారుడు దాసరి కొండప్పకు 2024లో వచ్చింది. రెండు ఊళ్లూ మన జిల్లాలవే. పురస్కారం ప్రకటించిన మర్నాడు మీ అందరి బండ్లూ ఆ ఇళ్ల ముందున్నాయి. వెదురు బొంగు, ఎండిన సొరకాయ బుర్రలు, తేనెమైనంతో కిన్నెర ఎట్లా చేస్తారో బొమ్మలతో సహా వేశారు, బాగా వేశారు, నేను కత్తిరించి దాచుకున్నాను కూడా. కానీ దామరగిద్దలో బుర్రవీణ ఉందని 2024కు ముందు మహబూబ్‌నగర్ పట్నంలో ఎంతమందికి తెలుసు? ఢిల్లీ నుంచి కబురొస్తే తప్ప మన జిల్లాలో ఎవరున్నారో మనకే తెలియకపోతే ఇన్ని జిల్లా పేజీలు ఎందుకున్నట్టు? "అంతరించిపోతున్న కళ" అని ఏడాదికొకసారి పెద్ద హెడ్డింగు పెడతారు చూడండి, ఆ హెడ్డింగు చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది. పోయిన వారమే ఆడారు, మీ ఇన్‌బాక్స్‌లో ఫొటో కూడా ఉంది.

మనకు ఇది కొత్త కాదు, ఇక్కడే ఒకాయన చేసి చూపించాడు. సురవరం ప్రతాపరెడ్డిది అలంపూర్ ప్రాంతం, ఇటిక్యాలపాడు, ఇప్పటి జోగులాంబ గద్వాల జిల్లా. 1926 మే 10న గోలకొండ పత్రిక మొదలుపెట్టాడు. తెలంగాణలో కవులే లేరని ఎవరో అంటే, సంపాదకుడిగా ఆయన ఆవేశపడి ఒక వ్యాసం రాసి ఊరుకోలేదు. కవులందరి పద్యాలూ వివరాలూ తెప్పించి, 354 మందితో 1934లో గోలకొండ కవుల సంచిక వేశాడు. అందులో ఉన్న చాలామంది పేర్లు ఈరోజు మనకు తెలుస్తున్నాయంటే ఆ ఒక్క పుస్తకం వల్లే. ఒక పత్రికాఫీసు, ఉత్తరాలు, ఓపిక, అంతే ఆయన దగ్గరున్న సరంజామా. నిరుడు తెలుగు విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టారని మనమంతా సంతోషపడ్డాం, మీరు మొదటి పేజీలో వేశారు. నల్లగొండ వాళ్లు తక్కువేం కాదు, 1922లోనే షబ్నవీసు వెంకట రామనరసింహారావు అక్కడి నుంచి నీలగిరి పత్రిక తెచ్చాడు. నైజాం కాలంలో, అన్ని ఆంక్షల నడుమ చేసిన పని ఇది. ఇప్పుడు చేతిలో ఫోన్, కంప్యూటర్ ఉండి పన్నెండు పేర్లు కొట్టడానికి టైం లేదంటే ఏమనాలి?

ఇంకోమాట. పేపర్ చదవడం రాని ఊళ్లలో ఒకప్పుడు వార్త మోసింది మా వాళ్లే. సాయుధ పోరాటం రోజుల్లో సుద్దాల హనుమంతు గొల్లసుద్దులు కట్టి ఊరూరా తిరిగాడు, బుర్రకథ దళాలు తిరిగాయి. దొర గడి లోపల ఏం జరుగుతున్నదో జనం విన్నది ఆ గొంతుల్లోనే. మొన్నటికి మొన్న కరోనాలో మాస్కు పెట్టుకోమని, ఓటు వేయమని, పంట బీమా కట్టమని చెప్పడానికి కూడా డప్పు కళాకారులనే పిలిచారు. అంటే మీదీ మాదీ ఒకే వృత్తి, మేం మీకు దూరపు చుట్టాలం. ఆ చుట్టరికంతోనే ఇంత గట్టిగా అడుగుతున్నాం.

మేం అడిగేవి ఇవి.

1. వారానికి ఒక్కరోజు, శుక్రవారమో శనివారమో, జిల్లా పేజీలో "ఈ వారం ఆటలు" అని చిన్న కాలమ్ ఇవ్వండి. ఒక్కో కార్యక్రమానికి రెండు లైన్లు చాలు: తేదీ, టైం, ఊరు, ఏ కళ, మేళం పెద్ద పేరు. దీనికి విలేకరి ఎక్కడికీ పోనక్కర్లేదు. సినిమా థియేటర్లలో ఏ బొమ్మ ఆడుతున్నదో వేసే అలవాటు మీకు ఎన్నో ఏళ్లది, అదే పద్ధతి. చిందు, ఒగ్గు, నాటకాలతో పాటు పీర్ల పండుగ పాటలు, జాన్‌పహాడ్ ఉర్సులో ఖవ్వాలీ, తండాల్లో తీజ్ ఆటలు, చర్చిల్లో క్రిస్మస్ నాటకాలు, కవి సమ్మేళనాలు కూడా అందులో రావాలి.

2. కార్యక్రమం వార్తలో మొదటి వాక్యంలో ఆడినవాళ్లు, తర్వాతే ముఖ్య అతిథులు. జాగా చాలకపోతే కింద నుంచి కొట్టేయండి, అప్పుడు పోయేది ఎవరి పేర్లో వాళ్లకూ తెలుస్తుంది. కనీసం మేళం పెద్ద పేరు, ఊరు, ముఖ్య వేషగాళ్లు లేదా వాద్యగాళ్ల పేర్లు తప్పనిసరి చేయండి.

3. ఫొటో ఆటది వేయండి. శాలువాల ఫొటో ఒకే కార్యక్రమానికి ఒకే రకంగా అన్ని పేపర్లలో వస్తున్నది, దాన్ని చూసేది అందులో ఉన్నవాళ్లే.

4. కళ పేరు సరిగా రాయండి. ఒగ్గుకథ ఫొటో కింద బుర్రకథ అని రాస్తున్నారు. ఒగ్గు అంటే చేతిలో డమరుకంలాంటిది ఉంటుంది, పక్కన డోళ్లు, బీరప్ప కథో మల్లన్న కథో చెప్తారు. బుర్రకథలో కథకుడి భుజాన తంబుర, అటు ఇటు గుమ్మెటలతో ఇద్దరు వంతలు. చిందు యక్షగానాన్ని "సంప్రదాయ నృత్యం" అని రాసినప్పుడైతే ఏం చేయాలో తోచలేదు. అనుమానం వస్తే నోట్ కింద ఉన్న నంబరుకు ఫోన్ చేయండి, రాత్రి పదింటికైనా ఎత్తుతాం.

5. ఊళ్లో ఆట కబురుకు యాడ్ అడగొద్దు. కార్పొరేట్ కాలేజీ వార్షికోత్సవానికి అడగండి, ఇవ్వగలరు. డప్పు బృందం దగ్గర ఏముంటుంది అడగడానికి?

6. పాత పేజీల కాపీ. ఈ-పేపర్‌లో కొన్నాళ్లు పోతే పాత తేదీలు దొరకవు, ఆఫీసుకొస్తే ఫైలు హైదరాబాద్‌లో ఉందంటారు. పింఛను దరఖాస్తు కోసం కళాకారుడు ఫలానా తేదీ పేజీ కావాలని రాసిస్తే, ముద్ర వేసి ఒక ప్రింటు ఇచ్చే ఏర్పాటు జిల్లా ఆఫీసులోనే పెట్టండి. దాని ఖర్చు ఎంతో చెప్తే అదీ కట్టుకుంటాం.

7. ఇది పత్రికలకు కాదు, జిల్లా పౌర సంబంధాల అధికారులకు, భాషా సాంస్కృతిక శాఖకు. జూన్ 2కు, జనవరి 26కు మీ ఆఫీసుల నుంచి వచ్చే నోట్లలో జెండా ఎగరేసినవారి నుంచి పక్కన నిలబడ్డ ప్రతి అధికారి వరకు హోదాతో సహా పేర్లుంటాయి, చివర "సాంస్కృతిక కార్యక్రమాలు ఆకట్టుకున్నాయి" అని ముగుస్తుంది. ఆకట్టుకున్నవాళ్లకు పేర్లున్నాయి, బిల్లు చెల్లించడానికి మీ దగ్గర జాబితా కూడా ఉంటుంది. ఆ జాబితానే నోట్ కింద అతికించండి. ప్రతి నెల మొదట్లో జిల్లాలో జరగబోయే జాతరలు, ఉర్సులు, నాటకాలు, సభల క్యాలెండర్ ఒకటి విడుదల చేయండి, పత్రికలు అందులోంచి తీసుకుంటాయి.

మా వైపు నుంచి కూడా మాట ఇస్తున్నాం, ఎందుకంటే మా వాళ్ల తప్పులూ మాకు తెలుసు. ఆట రేపనగా రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేసి "అన్నా, జర ఎయ్యి" అనేది మా వాళ్లే. ఇకనుంచి కబురు మూడు రోజుల ముందు పంపుతాం, యూనికోడ్‌లో టైప్ చేసి పంపుతాం, మీరు మళ్లీ కొట్టుకునే పని ఉండదు. ఫొటోలో ఎడమ నుంచి ఎవరెవరో రాసిస్తాం. ఆట రద్దయితే వెంటనే చెప్తాం. మండలానికి ఒక్కరు, ఒకే నంబరు నుంచి పంపుతారు, పదిమంది పది రకాలుగా పంపి మిమ్మల్ని విసిగించరు. ఆలయ కమిటీలకు, యువజన సంఘాలకు కూడా చెప్తున్నాం: మీరు విలేకరికి ఇచ్చే కాగితంలో మీ పేర్ల కంటే ముందు మేళం పేర్లు రాయండి. ఇది ఉచితంగా చేయగలిగిన మర్యాద.

కొత్త సర్పంచులకూ ఒక ముక్క. మీ గెలుపు ఊరేగింపుల్లో డప్పు కొట్టినవాళ్లకు ఇంకా డబ్బులు ఇవ్వని ఊళ్లున్నాయి. ఊళ్ల పేర్లు ఇక్కడ రాయను. మీకు తెలుసు.

ఇప్పుడు తేదీల సంగతి. ఈ నెలాఖరున మేడారం, పేజీలు అటు పోతాయి, సరే. మాఘంలో చెరువుగట్టు, మన్యంకొండ జాతరలున్నాయి, చైత్ర పౌర్ణమికి నల్లమలలో సలేశ్వరం ఉంది. చెరువుగట్టు, మన్యంకొండ జాతరల రోజుల్లో చుట్టుపక్కల ఊళ్లలో ఏ మేళాలు ఎక్కడ ఆడుతున్నాయో, మాకు తెలిసినంత వరకు జాబితా తయారు చేసి ఈ ఉత్తరంతో పాటు మీ జిల్లా ఆఫీసులకు పంపుతున్నాం. మొదటి కాలమ్‌కు సరుకు అదే, వేరే ఏం వెతుక్కోనక్కర్లేదు. సలేశ్వరం నాటికి రెండో అంశం, అంటే వార్తలో పేర్లు ముందు రాయడం, మొదలవ్వాలని కోరుతున్నాం. మిగతావాటికి మే 10 వరకు టైం తీసుకోండి. ఆరోజుకు గోలకొండ పత్రిక మొదలై నూరేళ్లు నిండుతాయి, మీరంతా సభలు పెట్టి సురవరం ఫొటోకు దండ వేస్తారు.

అప్పటికీ ఏమీ కదలకపోతే అదే రోజు సాయంత్రం ఆరు గంటలకు మహబూబ్‌నగర్‌లో, నల్లగొండలో పర్మిషన్ తీసుకొని మేమే ఆట పెడతాం. చిందు, ఒగ్గు, బుర్రకథ మూడూ ఉంటాయి. మూడు రోజుల ముందు ప్రెస్ నోట్ పంపుతాం, ఆడేవాళ్ల పేర్లన్నీ అందులో ఉంటాయి, ముఖ్య అతిథులు ఎవరూ లేరు. మీ పేపర్లో ఏం వచ్చిందో మర్నాడు అందరం కలిసి చదువుతాం.

ఇట్లు,
మండల కళాకారుల తరఫున ప్రెస్ నోట్లు రాసే ఒక రిటైర్డ్ తెలుగు పండిట్,
నాగర్‌కర్నూలు జిల్లా
జనవరి 2026